పందొమ్మిదో పోర్టు

శుక్రవారం సాయంత్రం అయిదింటికి మాస్టారు లాబ్ మెయిన్ స్విచ్ ఆపేశారు. కంప్యూటర్ల ఫ్యాన్ల రొద ఒక్కసారిగా పోయింది. కుర్రకారు సంచులు భుజాన తగిలించుకుని మెట్లు దిగిపోయారు. లైన్‌మాన్ మాత్రం వెనక గోడ దగ్గర ర్యాక్ తలుపు తీసి, చేతులు నడుం మీద పెట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

"బాబాయ్, తాళం వెయ్యాలి," అన్నారు మాస్టారు గుమ్మంలోంచి. ఆయనకి ముప్పై నాలుగేళ్లు. క్లాసంతా లైన్‌మాన్‌ని బాబాయ్ అంటుంటే ఆయనకీ అదే అలవాటైంది.

"మీరు వెళ్లండి మాస్టారూ. ఇది చూస్తుంటే నెల రోజులుగా దువ్వెన తగలని తలలా ఉంది. కాస్త జడ వేసి వస్తాను."

మాస్టారు నవ్వి, తాళంచెవి అటెండరు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అటెండరు బయట స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

కమ్యూనిటీ కాలేజీలో నెట్‌వర్కింగ్, నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సు ఆరు నెలలు. కంప్యూటర్ ముందు కూర్చుంటే లైన్‌మాన్‌కి అరచేతులు చెమర్చేవి. కమాండు కొట్టాలంటే ఒక్కో అక్షరం ఎక్కడుందో వెతుక్కునేవాడు. కేబుల్ చేతికొస్తే మాత్రం క్లాసులో అతన్ని మించినవాళ్లు లేరు. ఎనిమిది సన్నటి తీగలు, ఎనిమిది రంగులు. వరస తప్పకుండా సర్ది, కొసలు సమంగా కత్తిరించి, ప్లగ్గులో దూర్చి నొక్కడం అతనికి నిమిషం పని. మిగతావాళ్లు అప్పటికి రెండో రంగు దగ్గరుండేవారు.

ర్యాక్‌లో ఉన్న స్విచ్ ఇరవై నాలుగు రంధ్రాల పెట్టె. లాబ్‌లో ఒక్కో కంప్యూటర్ నుంచి వచ్చిన కేబుల్ ఒక్కో రంధ్రంలో ఉంటుంది. ఒకరి కబురు ఇంకొకరికి అందించడం దాని పని. ఆ రంధ్రాలనే పోర్టులంటారు. లైన్‌మాన్ కేబుళ్లని అయిదేసి చొప్పున విడదీసి, పట్టీ వేసి, పక్కకి తిప్పి కట్టాడు. చివరికి ఒక నీలం కేబుల్ మిగిలింది. దాని ఒక కొస ఏడో పోర్టులో ఉంది. రెండో కొస ర్యాక్ వెనక, నేలకి జానెడు ఎత్తులో వేలాడుతోంది.

టెలిఫోన్ లైన్లలో వేలాడే కొస అంటే రేపటి కంప్లయింటు. తడి తగులుతుంది, పక్క తీగకి తగులుతుంది, ఒకరి మాటలు ఇంకొకరి చెవిలో పడతాయి. దాన్ని కట్టెయ్యాలి, లేదంటే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి. ఇరవై ఆరేళ్లలో అతను కొస గాలికి వదిలేసి స్తంభం దిగింది లేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆ కొసని పైకి లాగాడు. పందొమ్మిదో పోర్టు ఖాళీగా కనిపించింది. నోటితో దుమ్ము ఊది, ప్లగ్గు పెట్టి, బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. కరెంటు లేదు కాబట్టి దీపం ఏదీ వెలగలేదు.

ర్యాక్ తలుపు మూసి, ఒక అడుగు వెనక్కి వేసి, అద్దంలోంచి చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క తీగ వేలాడటం లేదు.

సోమవారం పొద్దుటి డ్యూటీ ముగించుకుని రెండింటికి వచ్చేసరికి కాలేజీ గేటు దగ్గర జనం. ఆ రోజు కొత్త అడ్మిషన్లకి కంప్యూటర్ మీద పరీక్ష. నూట నలభై మంది రాయాలి. వాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ గేటు బయట నిలబడి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఒకాయన కాగితం ఊపుతూ వాచ్‌మన్ మీద కేకలేస్తున్నాడు.

"ఏమైంది?" అని అటెండరుని అడిగాడు లైన్‌మాన్.

"ఏమైందా? మొత్తం పడిపోయింది. తొమ్మిదింటికి లాబ్ మెయిన్ వేశానా, టీ గ్లాసు నోటి దాకా వచ్చిందో లేదో, ఆఫీసులోంచి సూపరింటెండెంటు కేక. ప్రింటర్ లేదు, హాజరు మిషను లేదు, పరీక్ష లేదు. యాభై నిమిషాలు బాబాయ్! అందరూ నన్ను చూస్తారేమిటి, నేనేమన్నా మింగేశానా? ఆఖరికి ఎవరో లాబ్ ఆపి చూడమన్నారు. మెయిన్ దించాను. అన్నీ లేచి కూర్చున్నాయి, పరీక్ష టైము మాత్రం దాటిపోయింది. అంటే రోగం లాబ్‌లోంచి వచ్చినట్టే కదా?"

"లాబ్‌లో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? మీ ప్రశ్న."

ప్రశ్న అన్నది క్లాసు పెట్టిన పేరు. మాస్టారు వాక్యం పూర్తి చేసేలోపే చెయ్యెత్తే అమ్మాయి. ఇరవై ఒక్కేళ్లు. సాయంత్రం క్లాసవగానే మందుల షాపులో కౌంటర్ దగ్గరికి పరిగెత్తుతుంది. లైన్‌మాన్‌కి లెక్కలు అర్థం కాకపోతే పక్కన కూర్చుని చెప్పేది. ఆమెకి ప్లగ్గులు కుదరకపోతే అతను చేసి ఇచ్చేవాడు.

ఆమె ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్లతో బెంచీ చెక్క మీద ఏదో టైపు చేస్తోంది. ఆగుతోంది, మళ్లీ మొదటి నుంచి కొడుతోంది.

అతను పక్కన కూర్చున్నాడు. "తిన్నావా?"

"పద్నాలుగో ఎక్సర్‌సైజు బాబాయ్ గారూ. మాస్టారు చేసుకోమన్నదే. పొద్దున అయితే కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయని వచ్చాను."

ఆ ఎక్సర్‌సైజు అతనికి తెలుసు. నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల తలుపులు ఒక్కొక్కటే తట్టి, ఏది తెరిచి ఉంది, ఏది మూసి ఉంది రాసుకోవడం. దాన్ని స్కాన్ అంటారు. దొంగ తట్టకముందే మనం తట్టి చూసుకోవాలని మాస్టారు చెప్పారు. ఎన్ని తలుపులు తట్టాలో కమాండు చివర ఒక అంకె చెబుతుంది. ఇరవై నాలుగు అని కొడితే లాబ్ వరకే. అంకె తగ్గేకొద్దీ తలుపులు పెరుగుతాయి, పదహారు అని కొడితే దానికి రెండు వందల యాభై ఆరు రెట్లు.

"ఇరవై నాలుగు కొట్టానో పదహారు కొట్టానో గుర్తు రావడం లేదు," అంది. "ముందు రోజు ఇంట్లో పదహారుతో లెక్కలు చేశాను. చేతికి అదే వచ్చేసిందేమో."

"నువ్వు తప్పు కొట్టవు."

"అందరూ అలా అనుకుంటారనే నేనూ చూసుకోలేదు."

"తెర మీద ఉంటుందిగా?"

"మెయిన్ దించేశారు కదా. పోయింది. సేవ్ చేయలేదు." ఆమె వేళ్లు మళ్లీ బెంచీ మీద కదిలాయి. "ఎంటర్ కొట్టాను, నిమిషంలో అన్నీ ఆగిపోయాయి. ఎంటర్ కొట్టకముందు బాగానే ఉన్నాయి. ఇంకేం కావాలి?"

అతనికి ఓదార్చడం చేతకాదు. తనకి తెలిసింది చెప్పాడు. "ఒకసారి నేనొక ఇంటి లైను కత్తిరించబోయి వీధి లైను కత్తిరించాను. పోలీస్ స్టేషన్ కూడా ఆ వీధిలోనే ఉంది. మర్నాటికి అతికించాను. నన్నేం ఉరి తీయలేదు."

ఆమె కొంచెం నవ్వింది. "మీది తీగ బాబాయ్ గారూ. నాది దాడి అంటున్నారు."

తలుపు తెరుచుకుంది. మాస్టారు బయటికి వచ్చారు. ఇద్దరినీ చూడనట్టు చూసి, చేతిలో కాగితం నోటీసు బోర్డుకి గుచ్చి వెళ్లిపోయారు. విచారణ ముగిసేదాకా లాబ్ మూసి ఉంటుంది. మంగళవారం క్లాసు లేదు. గురువారం కమిటీ. శుక్రవారం ఆఖరి పరీక్ష వేరే గదిలో, అనుకున్నట్టే జరుగుతుంది.

లైన్‌మాన్ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. అతని కంపెనీ రాగి తీగల లైన్లు ఎత్తేస్తోంది. ఇరవయ్యో తారీఖులోపు ఈ కోర్సు సర్టిఫికెట్ తెచ్చినవాళ్లని కొత్త సెక్షన్‌లో ఉంచుకుంటారు. తేనివాళ్లు ఇంటికే. పరీక్ష జరుగుతుందని చదివాక అతనికి ఊపిరి కాస్త తేలికైంది. ఆ తేలికదనం వెనకాలే బెంచీ మీద పిల్ల ఉన్న సంగతి గుర్తొచ్చి, ఆమె పక్క నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా దిగి వెళ్లాడు.

మంగళవారం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పాత ఫ్రేము విప్పుతున్నారు. గోడంత పొడవున్న ఇనప చట్రం, దాని మీద వేల జతల తీగలు. లైన్‌మాన్ నిచ్చెన మీద ఉన్నాడు. కింద జూనియర్ తీగలు చుట్ట చుట్టి గోనెలో వేస్తున్నాడు. జూనియర్ అని పేరే గానీ వచ్చే ఏడు రిటైరవుతాడు.

పదకొండు గంటలకి లైన్‌మాన్ ఒక వరస కత్తిరించాడు. ఒక జత కొసలు చట్రం అవతలికి వేలాడాయి. అతను వంగి వాటిని అందుకుని, మెలేసి, పక్క కొక్కేనికి చుట్టి బిగించాడు.

జూనియర్ కింద నుంచి పగలబడి నవ్వాడు. "ఒరేయ్, చచ్చిన తీగకి కట్టు కడుతున్నావేంట్రా? ఇంకో అయిదు నిమిషాల్లో అది గోనెలో ఉంటుంది."

"చెయ్యి ఊరుకోదు," అన్నాడు లైన్‌మాన్.

అన్నాక అతని చెయ్యి కొక్కెం మీదే ఉండిపోయింది. బొటనవేలికి శుక్రవారం నాటి టిక్కు తెలిసింది. నీలం కేబుల్. ఒక కొస ఏడులో. ఇంకో కొస పందొమ్మిదిలో. రెండు కొసలూ ఒకే పెట్టెలో.

అతను నిచ్చెన దిగాడు. సంచిలోంచి క్లాసు పుస్తకం తీసి, గోనె మీద కూర్చుని పేజీలు తిప్పాడు. ఆ పాఠం దొరికింది. కింద గీత కూడా తనే గీసుకున్నాడు. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉంటే, స్విచ్ అందరికీ పంపిన కబురు చుట్టూ తిరిగి దాని దగ్గరికే వస్తుంది. కొత్త కబురనుకుని అది మళ్లీ అందరికీ పంపుతుంది. అది మళ్లీ వస్తుంది. కొద్ది క్షణాల్లో లక్షల కబుర్లు, ఒక్కటీ చేరాల్సిన చోటికి చేరదు. దీన్ని లూప్ అంటారు.

"ఏంట్రా, మొహం అలా అయిపోయింది? ఫెయిలయ్యావా?" అన్నాడు జూనియర్.

"పరీక్ష ఇంకా శుక్రవారం."

"మరి ఇప్పుడే ఎందుకు ఏడుస్తావ్?"

లైన్‌మాన్ పుస్తకం సంచిలో పెట్టి, మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఒంటిగంట దాకా కత్తిరించాడు.

అతని భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఏ గుడ్డ చేతికందినా అదే కొలతకి మడుస్తుంది. తువ్వాళ్లు మడుస్తూ అతను చెప్పింది మొత్తం విన్నది.

"మీరు పెట్టిన కేబులే అని ఖాయమా?"

"నా వేళ్లకి తెలుసు."

"అయితే వేళ్లనే పంపండి చెప్పిరమ్మని. మీరు మాత్రం ఇంట్లో ఉండండి." ఆమె తువ్వాలు దులిపింది. "అమ్మాయిని ఏం చేస్తారట?"

"కోర్సులోంచి తీసేస్తారట. తీసేశాక ఇంకెక్కడా చేర్చుకోరు. సెక్యూరిటీ చదువులో దాడి చేసిందని పేరొస్తే ఎవరు దగ్గరికి రానిస్తారు?"

"మీరు చెబితే మిమ్మల్ని తీసేస్తారు."

"తీసేయొచ్చు."

ఆమె ఇంకో మూడు తువ్వాళ్లు మడిచింది. "కమిటీ ఎప్పుడన్నారు?"

"గురువారం."

"అయితే గురువారమే చెప్పండి, కమిటీ ముందు. రేపు డ్యూటీ మానేస్తే అది ఒక వంక అవుతుంది, లిస్టులో పేరు కొట్టేయడానికి. ఒక్కరోజులో ఏం కొంపలు మునుగుతాయి?"

ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని అతను బస్సులో వస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాడు. తల ఊపాడు. ఫోను తీసి ఆ అమ్మాయి నంబరు దాకా వెళ్లాడు. ఈ టైములో షాపులో బిజీగా ఉంటుందనుకుని, ఫోను ఛార్జింగులో పెట్టాడు.

బుధవారం డ్యూటీ అయ్యాక కాలేజీకి వెళ్లాడు. మాస్టారు స్టాఫ్ రూములో ఒక్కరే కూర్చుని పరీక్ష పేపర్లకి పిన్నులు కొడుతున్నారు. లైన్‌మాన్ నిలబడే చెప్పాడు. నీలం కేబుల్, ఏడు, పందొమ్మిది. మాస్టారు స్టేప్లర్ పక్కన పెట్టారు. సొరుగులోంచి తాళంచెవి తీసుకుని లేచారు.

లాబ్‌లో కిటికీలు మూసి ఉన్నాయి. మాస్టారు ఫోను దీపం వేసి ర్యాక్ తలుపు తీశారు. పట్టీలు వేసి కట్టిన కేబుళ్ల మధ్య నీలం కేబుల్ విల్లులా వంగి ఉంది. ఏడు నుంచి పందొమ్మిదికి.

"చాలా నీట్‌గా కట్టారు," అన్నారు మాస్టారు.

లైన్‌మాన్ వంగి పందొమ్మిదో పోర్టు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈ స్విచ్‌లో లూప్ పడితే ఆ పోర్టు దానంతటదే మూసుకునే ఏర్పాటుంది. మొదట్లో మీకు లూప్ అంటే ఏమిటో చూపించడానికి నేనే దాన్ని ఆపాను. గుర్తుందా? దీపాలన్నీ ఒకేసారి కొట్టుకుంటే మీరందరూ చప్పట్లు కొట్టారు."

"గుర్తుంది."

"మళ్లీ ఆన్ చేయలేదు."

మాస్టారు రెండు ప్లగ్గులూ ఊడదీశారు. కేబుల్‌ని అరచేతికీ మోచేతికీ చుట్టుకుంటూ పోయారు. చుట్టడం అయ్యాక ప్యాంటు జేబులో పెట్టుకున్నారు. జేబు ఉబ్బింది.

"మాస్టారూ, అది అక్కడుంటేనే కదా రేపు చూపిస్తాం."

"నా కాంట్రాక్టు ఏటేటా రాస్తారు బాబాయ్. ఇది నాలుగోసారి. పైసంతకం ఈ నెలలో రావాలి." ఆయన గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పేటప్పటిలాగా. "మీకు సర్టిఫికెట్ కావాలి. ఇద్దరం పోతే ఆ అమ్మాయి మిగులుతుందా? మిగలదు. రిపోర్టు నిన్ననే పైకి వెళ్లిపోయింది."

"ఆ పిల్ల చేసింది కాదని మీకు సోమవారమే తెలుసా?"

మాస్టారు ర్యాక్ తలుపు మూశారు. "ఒక్క స్కాన్‌కి కాలేజీ పడిపోదు. పదహారు కొట్టినా పడదు. స్కాన్ ఆలస్యమవుతుంది, అంతే. అనుమానం వచ్చింది. లాబ్ తీసి చూడలేదు."

"ఎందుకని?"

"చూస్తే తెలిసిపోతుంది కదా."

గురువారం కమిటీ అంటే ప్రిన్సిపాల్ మేడం, సూపరింటెండెంటు, మాస్టారు. ప్రశ్న ఒక చివర కుర్చీలో కూర్చుంది. లైన్‌మాన్ తలుపు తట్టి లోపలికి వచ్చి, తనని పిలవలేదని తెలుసని, ఒక మాట చెప్పి వెళతానని అన్నాడు. మేడం కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు.

చెప్పవలసింది వరసగా చెప్పాడు. శుక్రవారం అయిదు దాటాక. నీలం కేబుల్. కొస వేలాడుతుంటే పెట్టానని. పోర్టుల నంబర్లు. సోమవారం మెయిన్ వేశాక స్విచ్ పూర్తిగా లేచేసరికే లూప్ పడిందని, మెయిన్ దించగానే పోయిందని. స్కాన్‌కీ దానికీ సంబంధం లేదని. సూపరింటెండెంటు మొదట రాసుకుంటున్నాడు. సగంలో పెన్ను ఆపి మేడం వైపు చూశాడు.

మేడం మధ్యలో అడ్డుపడకుండా విని, మాస్టారి వైపు తిరిగారు. "సార్, మీరు లాబ్ చూశారా?"

"చూశాను మేడం. ఇప్పుడు లాబ్‌లో అలాంటి కేబుల్ ఏదీ లేదు," అన్నారు మాస్టారు.

"నిన్న ఆయనే తీశారు. నేను పక్కనే ఉన్నాను," అన్నాడు లైన్‌మాన్.

మేడం మాస్టారిని చూశారు. మాస్టారు బల్ల మీది పేపర్ వెయిట్‌ని చూశారు. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడండి. మీరన్నది నిజమనుకుందాం. అప్పుడు నేను పైకి ఏమని రాయాలి? ఆఫీసు, పరీక్ష హాలు, లాబ్ అన్నీ ఒకే దారి మీద ఉన్నాయనా? ఒక పెద్దాయన ర్యాక్ సర్దితే కాలేజీ మొత్తం పడిపోతుందనా? నెట్‌వర్క్ సెక్యూరిటీ నేర్పే కాలేజీ ఇది. దాడి జరిగిందని రిపోర్టు వెళ్లింది. రక్షణకి కొత్త పరికరాలు ఇస్తామని జవాబు కూడా వచ్చింది. అన్నిటికీ మించి, ఆ అమ్మాయే ఒప్పుకుంది." ఆమె ఫైలులోంచి ఒక కాగితం బయటికి తీసి అతని వైపు తిప్పారు. "అనుకోకుండా జరిగిందని రాసింది. కాబట్టి పోలీసుల దాకా తీసుకెళ్లడం లేదు. కోర్సు నుంచి తీసేయడంతో సరిపెడుతున్నాం."

కాగితం కింద సంతకం ఉంది. వంకరలేమీ లేని ఉత్త పేరు. అక్షరాలు పుస్తకంలో నోట్సు రాసుకున్నంత శుభ్రంగా ఉన్నాయి.

"అమ్మాయ్," అన్నాడు లైన్‌మాన్, "ఇది నువ్వు చేసింది కాదు."

ప్రశ్న తలెత్తింది. మూడు రోజులుగా నిద్ర లేదని ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది.

"నాకోసం అబద్ధం చెప్పొద్దు బాబాయ్ గారూ. మీ ఉద్యోగం పోతుంది. నేను బాగా ఆలోచించాను. పదహారే కొట్టాను. ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది, ఒకటి మీద వేలు, తర్వాత ఆరు మీద వేలు."

"నీకు గుర్తు రాలేదన్నావు కదా సోమవారం!"

"ఇప్పుడు గుర్తొచ్చింది."

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజుల్లో పక్కవాళ్ల కోసం ఇంతలా ఎవరు నిలబడతారు మేడం? పెద్దమనిషి."

"అవును," అన్నారు మేడం, కళ్లజోడు పెట్టుకుంటూ. "మీరు చెప్పింది మేం ఎక్కడా రాయం. రేపు పరీక్ష బాగా రాయండి."

"కేబుల్ నీలం రంగుది," అన్నాడు లైన్‌మాన్. "ఏడు నుంచి పందొమ్మిదికి."

ఎవరూ రాసుకోలేదు. సూపరింటెండెంటు లేచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, తలుపు దాకా తీసుకెళ్లాడు.

శుక్రవారం పరీక్షలో కేబుళ్ల పనికి అతనికి నూటికి నూరు వచ్చాయి. రాత పరీక్షలో గట్టెక్కాడు. మాస్టారు సాయంత్రానికే సర్టిఫికెట్ల మీద సంతకాలు చేశారు. అతనిది ఇచ్చేటప్పుడు తల ఎత్తలేదు. శనివారం పొద్దున కంపెనీలో చూపించాడు. గుమాస్తా నకలు తీసుకుని, లిస్టులో పేరు పక్కన టిక్కు పెట్టి, అసలు కాగితం వెనక్కి ఇచ్చాడు.

అక్కడి నుంచి మందుల షాపుకి వెళ్లాడు. వరసలో ముగ్గురున్నారు. నాలుగోవాడిగా నిలబడ్డాడు. ప్రశ్న తెల్లకోటు వేసుకుని, చీటీలు చదివి, అరల్లోంచి మందులు తీసి, కవర్లమీద పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని రాసి ఇస్తోంది. అతని వంతు వచ్చింది.

"చీటీ ఇవ్వండి," అంటూ చూసింది. "బాబాయ్ గారా? పాసయ్యారా?"

అతను చీటీకి బదులు క్లాసు పుస్తకం తెరిచి కౌంటర్ మీద పెట్టాడు. "ఒక్కసారి చదువు. నామీద జాలితో కాదు, పాఠంలా చదువు."

ఆమె నిలబడే చదివింది. గీత గీసిన చోట వేలు పెట్టి రెండోసారి చదివింది. తర్వాత క్లాసులో అడిగినట్టే అడిగింది. "లూప్ పడితే దీపాలెలా ఉంటాయి?"

"అన్నీ ఒకేసారి కొట్టుకుంటాయి. మాస్టారు మొదట్లో చూపించారు."

"ఆ రోజు నేను రాలేదు. స్టాకు లెక్కపెట్టే రోజు." ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు. "సోమవారం ర్యాక్ అద్దంలోంచి చూశాను. అన్నీ ఒకేసారి ఆరుతున్నాయి, ఒకేసారి వెలుగుతున్నాయి. నా స్కాన్‌కే అలా అవుతున్నాయనుకున్నాను."

"నువ్వు పదహారు కొట్టినా అలా కాదట. మాస్టారే అన్నారు."

"అయితే మీరు నిజంగానే పెట్టారా?"

"పెట్టాను."

"అయితే నేను తప్పు చేయలేదు."

"చేయలేదు."

ఆమె మొహంలో ఏదో వెలిగింది. కోటు పైగుండీ మీదకి చెయ్యి వెళ్లింది, తీసేసి ఇప్పుడే ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు. గుండీ పట్టుకునే ఆగింది.

"సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదని అప్పుడే చెప్పారు. బాగా ఆలోచించుకునే పెట్టమన్నారు." గుండీ వదిలేసింది. "మీకు ఎప్పుడు గుర్తొచ్చింది బాబాయ్ గారూ?"

అతను పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "మంగళవారం."

"మంగళవారం ఎప్పుడు?"

"పొద్దున. పదకొండింటికి."

"నేను సంతకం పెట్టింది బుధవారం పదింటికి," అంది. "మంగళవారం రాత్రంతా కూర్చుని పదహారా, ఇరవై నాలుగా అని."

అతను నోరు తెరిచాడు. డ్యూటీ ఉందని, గురువారం కమిటీ అన్నారని, షాపులో బిజీగా ఉంటావనుకున్నానని, మూడు మాటలూ నోటి దాకా వచ్చాయి. మూడూ నిజాలే. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

ఆమె అరచేత్తో కౌంటర్ తుడిచింది. పుస్తకం ఉన్న చోటు తుడిచి, మళ్లీ అదే చోటు తుడిచింది. అప్పుడు అతని భుజం మీదుగా వెనకనున్న మనిషిని చూసి, చెయ్యి చాపింది.

"చీటీ ఇవ్వండి."